మేక తిన్నదా, మట్టి ఇవ్వలేదా?

విశాఖ కొండల మీద నాటిన మొక్క బతకకపోతే రెండు మాటలు వినబడతాయి. మేకలు మేసేశాయన్నది ఒకటి. ఆ ఎర్రమట్టిలో ఏం సారం ఉందన్నది రెండోది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకి, లెక్కలేనన్ని చెట్లను పడగొట్టాక మొక్కలు నాటే పని ఊపందుకుంది. దాంతో పాటే ఈ వాదనా ముదిరింది. మేకల్ని కొండ ఎక్కనివ్వొద్దని ఒకరంటారు, ముందు గోతిలో గత్తం వేయండని ఇంకొకరంటారు. రెండిటిలోనూ నిజం ఉంది. కానీ మేతనూ మట్టినీ వేరువేరుగా చూసినంత కాలం ఈ తగువు తెగదు. ఇదే తగువు ఉత్తర అమెరికాలో తొంభై ఏళ్లకు పైగా నడుస్తోంది. అక్కడ మేక స్థానంలో మూస్ జింక, మన పరికి కంప స్థానంలో విల్లో పొద ఉన్నాయి.

జింకల కుటుంబంలోకెల్లా పెద్దది మూస్. బాగా ఎదిగిన మగది 500 కిలోలు దాటుతుంది. విశాఖ పక్కనే ఉన్న మన కంబాలకొండ అడవిలో తిరిగే కణుజుకు అది చుట్టమే. చలికాలంలో ఆకు దొరకదు కాబట్టి విల్లో రెమ్మలు కొరుక్కుతిని నెలల తరబడి బతుకుతుంది. విల్లో అనగానే మనకు క్రికెట్ బ్యాట్ గుర్తొస్తుంది. అది చెట్టు విల్లో. మూస్ తినేవి ఎక్కువగా పొదలు. తూర్పు కనుమల్లో వాగుల ఒడ్డున పెరిగే ఏటిపాల కూడా ఈ జాతిదే.

కథ ఐల్ రాయల్ దగ్గర మొదలవుతుంది. అమెరికా, కెనడాల మధ్య సుపీరియర్ సరస్సులో ఉన్న దీవి ఇది. 20వ శతాబ్దం మొదట్లో అక్కడికి మూస్‌లు చేరాయి. వేటాడే జంతువు లేకపోవడంతో విపరీతంగా పెరిగిపోయాయి. 1930 ప్రాంతంలో అక్కడ పరిశీలన చేసిన అడాల్ఫ్ మ్యూరీ, పొదలన్నీ నమిలేశాయి, ఇక ఆకలి చావులే అని హెచ్చరించాడు. అలాగే జరిగింది. 1936లో దీవిలో పెద్ద మంటలు చెలరేగి, కాలిన చోట లేత పొదలు లేచాక మూస్‌లు మళ్లీ పుంజుకున్నాయి. 1940ల చివర్లో గడ్డకట్టిన సరస్సు మీదుగా తోడేళ్లు వచ్చాయి. తోడేళ్లనూ మూస్‌లనూ లెక్కపెట్టే పని 1958లో మొదలై ఈనాటికీ సాగుతోంది. ప్రపంచమంతా చెప్పుకునేది ఈ తోడేళ్ల కథే. నాకు మాత్రం అదే కాలంలో, 1940ల చివర్లో, ఆ దీవిలో కట్టిన కంచెలు ముఖ్యం.

ఆ కంచెల్లోకి మూస్ వెళ్లలేదు. కాబట్టి లోపల ఒక అడవి, బయట ఇంకో అడవి తయారయ్యాయి. దాదాపు నలభై ఏళ్ల తర్వాత జాన్ పాస్టర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు లోపలి మట్టినీ బయటి మట్టినీ పోల్చి చూశారు. 1993లో వచ్చిన వాళ్ల ఫలితాల ప్రకారం, మొక్కకు అందే నత్రజని కంచె బయట తక్కువగా ఉంది. కారణం సూటిగానే ఉంది. మూస్‌లు మెత్తని, సారమున్న ఆకుల చెట్లను తిని, స్ప్రూస్ అనే సూదాకు చెట్టును వదిలేశాయి. స్ప్రూస్ ఆకులో నత్రజని తక్కువ, రాలినా త్వరగా కుళ్లదు. ఏటేటా అదే ఆకు పేరుకుంటే మట్టి బీదపడింది. మూస్ పేడ అక్కడే పడుతున్నా ఆ లోటును పూడ్చలేకపోయింది. ఈ చివరి సంగతిని గుర్తుంచుకోండి, మన కొండ దగ్గరకు వచ్చాక పనికొస్తుంది.

అలాస్కాలో కథ ఇంకోలా నడిచింది. ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర టనానా నది కొత్తగా పోసిన ఒండ్రులో నత్రజని చాలా తక్కువ. అందులో ముందు మొలిచేది విల్లో. మూస్‌లు, కుందేళ్లు దాన్నే తిని, పక్కనున్న ఆల్డర్ అనే చెట్టును పెద్దగా ముట్టుకోవు. ఆల్డర్ వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. విల్లో తగ్గి ఆల్డర్ పెరిగే కొద్దీ ఆ మట్టి బలపడుతుంది. అంటే మేత ఒక చోట మట్టిని బీదచేసింది, ఇంకో చోట బలపరిచింది. మేశాక ఏ మొక్క మిగిలింది అన్నదాని మీదే అంతా ఆధారపడింది. ఇంత దూరం పోనక్కర్లేదు కూడా. మన సముద్రపు ఒడ్డు ఇసుకలో ఎరువు లేకుండా సరుగుడు పెరుగుతోందంటే, దాని వేళ్లలో ఉన్నదీ ఫ్రాంకియానే.

మట్టి వైపు నుంచి ఆలోచించినవాళ్లు జాన్ బ్రయంట్, టెర్రీ చాపిన్, డేవిడ్ క్లైన్. 1983లో వాళ్లు చెప్పింది ఇది. మొక్కకు కార్బన్ గాలి నుంచి వస్తుంది, నత్రజని మట్టి నుంచి రావాలి. మట్టిలో అది లేకపోతే మొక్క ఎదగలేదు. మిగిలిపోయిన కార్బన్ వగరు, చేదు పదార్థాలుగా ఆకులో చేరుతుంది. మేసే జంతువుకు అవి గిట్టవు. విల్లో బెరడులోని చేదు అలాంటిదే. జ్వరానికి అది పనిచేస్తుందని 1763లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతగురువు రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆస్పిరిన్ దాకా వెళ్లిన దారి అక్కడిదే. 1983 నాటి సూత్రం అన్ని మొక్కలకూ సరిపోదని తర్వాత గట్టి విమర్శలు వచ్చాయి, 2001లో దాని పతనం గురించి ఏకంగా ఒక వ్యాసమే వచ్చింది. అయినా అది అడిగిన ప్రశ్న మాత్రం నిలిచింది: కొరికిన కొమ్మ మళ్లీ చిగురించాలంటే సరుకు ఎక్కడి నుంచి రావాలి?

ఇప్పుడు కంబాలకొండకు వద్దాం. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉండి, 1970 నుంచి అటవీ శాఖ కిందకు వచ్చిన అడవి ఇది. సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. కింద రాయి ఎక్కువగా ఖొండలైట్, ఖోందు గిరిజనుల పేరు మీద ఆ పేరు వచ్చింది. అది పాడై ఏర్పడిన ఎర్రమట్టిలో ఇనుము కావలసినంత ఉంది, నత్రజనీ ఆకుకుళ్లూ తక్కువ. వాలు మీద పైపొర వానకు కొట్టుకుపోతుంది.

అడవి అంచున మేకలు తిరిగిన చోట కాసేపు కూర్చుని చూస్తే చాలా తెలుస్తుంది. పరికి కంప కత్తిరించినట్టు గుండ్రంగా ఉంటుంది. ముళ్ల మధ్య మేక మూతి దూరని చోట మాత్రం రెండు లేత రెమ్మలు తప్పించుకుని పైకి లేస్తాయి. చిన్న మొక్కకు చివర కొరికేసిన చోట కింద మూడు మొగ్గలు పొడుచుకొస్తాయి. సారం ఉన్న మట్టిలో ఆ మూడూ జానెడు పెరుగుతాయి. రాతి మీద బెత్తెడు మట్టి ఉన్న చోట అవి గోరంత లేచి అలాగే ఆగిపోతాయి. ఇంతలో మంద మళ్లీ వస్తుంది. పక్కనే బందారు, లాంటానా మాత్రం నిండుగా, పచ్చగా నవనవలాడుతుంటాయి. వాటి జోలికి మేక వెళ్లదు. అడ్డసరం సంగతీ అంతే. దాని శాస్త్రీయ నామంలోని అధతోడ అన్న మాట, మేక ముట్టనిది అని అర్థమిచ్చే తమిళ మాటలోంచి వచ్చింది. మేత, మట్టి కలిసి ఎవరిని మిగిల్చాయో ఆ చోట కళ్లారా కనబడుతుంది.

మన దగ్గర అదనంగా ఇంకోటి జరిగింది. మూస్ తిన్నచోటే పేడ వేస్తుంది. మేక పగలంతా కొండ మీద తిని, రాత్రికి దొడ్డికి వస్తుంది. రాత్రంతా పడిన పెంటికలను ఊడ్చి పొలానికి పంపుతారు, లేదా పొలంలోనే మంద కడతారు. వరి మడికి పచ్చిరొట్ట కోసం కొమ్మలు నరికి దించడం, పొయ్యికి కంప కొట్టుకురావడం తరతరాలుగా ఉన్నవే. పొలానికి ఇదంతా బంగారం. కొండకు మాత్రం ప్రతి మోపుతోనూ కొంత నత్రజని, కొంత భాస్వరం దిగిపోయాయి, తిరిగి ఎక్కింది లేదు. ఐల్ రాయల్‌లో పేడ అక్కడే పడినా మట్టి తేరుకోలేకపోతే, పేడ కూడా కిందకు దిగిపోయిన మన కొండ ఎంత బీదపడి ఉంటుందో ఊహించండి. ఇందుకు మేకల కాపరులను దోషులను చేయడం నాకు బాధగా ఉంటుంది. వాళ్లు ఊరికి అన్నం పెట్టే పొలానికి ఎరువు మోశారు. కొండకు బాకీ పడింది ఊరంతా.

అందుకే కంచె ఒక్కటే వేసి, మొక్క నాటి, మూడేళ్లు చూసి మట్టి మంచిది కాదని వదిలేయడం అన్యాయం. ఉత్త ఎరువు వేసి కంచె వేయకపోయినా అంతే, బలమైన లేత ఆకును మేక ముందు వెతుక్కుంటుంది. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా కొండ మీదే ఉంచాలి. నత్రజనిని పట్టే కానుగ లాంటివి మధ్య మధ్య ఉండాలి, దాని ఆకును పశువులు పెద్దగా ఇష్టపడవు కూడా.

ఏది ఎంత పనిచేస్తుందో తేల్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒకే వాలు మీద పదడుగుల చదరాలు నాలుగు గీయాలి. ఒకదానికి కంచె మాత్రమే. ఒకదానికి గత్తం మాత్రమే. ఒకదానికి రెండూ. నాలుగోదాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేయాలి. నాలుగింటిలోనూ ఒకే రకం మొక్కలు, ఒకే తొలకరికి. ప్రతి నెలా చిగుళ్లు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోవడం హైస్కూలు పిల్లలు కూడా చేయగల పని. రెండో వానాకాలం దాటేసరికి మేకదెంతో మట్టిదెంతో మన కొండే చెప్పడం మొదలుపెడుతుంది.