మోకాలు ఎవరి ముందు వంచుతున్నాం?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మన కథోలిక గుడిలో పూజకు వెళ్ళినప్పుడు, బెంచీలోకి వెళ్ళేముందు అందరూ ఒకసారి కుంగి లేస్తారెందుకని మీలో చిన్నవాడు నన్ను అడిగాడు. అప్పటికే గంట మోగడంతో జవాబు చెప్పలేకపోయాను.

వాకిట చెప్పులు విడిచి, తీర్థజలంలో వేళ్ళు ముంచి సిలువ గుర్తు వేసుకున్నాక, సత్ప్రసాదాన్ని భద్రపరిచే పెట్టె అయిన మందసం పక్కన వెలిగే ఎర్రదీపాన్ని చూడండి. లోపల దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా మారిన అప్పం) ఉందని, అంటే క్రీస్తు ప్రభువే అక్కడ ఉన్నాడని ఆ దీపం మనకు చెబుతుంది. అందుకే కుడి మోకాలు నేలకు ఆనేదాకా వంచి, ఒక్క క్షణం ఆగి లేవాలి. నడుస్తూ నడుస్తూ సగం వంగి వెళ్ళిపోతే నాకు మనసు చివుక్కుమంటుంది.

నా చిన్నతనంలో ఒక పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నేను అలవాటు కొద్దీ మోకాలు వంచబోతే, మాకు మతబోధ చేసే ఉపదేశిగారు చేయి పట్టుకొని మందసం దగ్గరికి తీసుకువెళ్ళారు. తలుపు బార్లా తెరిచి ఉంది, దీపం ఆరిపోయి ఉంది. ముందురోజు రాత్రే సత్ప్రసాదాన్ని వేరే పీఠానికి తరలించారు. "లోపల ఎవరున్నారు?" అని ఆయన అడిగితే "ఎవరూ లేరండీ" అన్నాను. ఆ సాయంత్రం సిలువ ఆరాధన ముగిశాక, పాస్కా జాగరణ (ఈస్టరు ముందురాత్రి పూజ) వరకు అందరూ సిలువ ముందే మోకరిస్తారని ఆయన వివరించారు. పెట్టె ఎంత అందంగా ఉన్నా మన వందనం దానికి కాదని ఆనాడు నాకు తెలిసింది.

ఇప్పుడు నా మోకాళ్ళు సహకరించడం లేదు కాబట్టి చేతులు జోడించి నడుము వంచి నమస్కరిస్తున్నాను. అది లోటేమీ కాదు. మోకరించడానికి బదులు ఇలా అంజలి ఘటించవచ్చని 1969లోనే మన దేశపు బిషప్పులు కోరగా రోము అనుమతించింది. నేలమీద కూర్చోవడం, హారతి పట్టడం, నమస్కారంతో శాంతిని పంచుకోవడం కూడా ఆ అనుమతిలో ఉన్నవే.

సత్ప్రసాదం స్వీకరించడానికి గంట ముందు నుంచి ఏమీ తినకండి; మంచినీళ్ళు, మందులు పరవాలేదు. చేతిలో స్వీకరించేటప్పుడు కుడి అరచేతి మీద ఎడమ అరచేతిని పరచి, "క్రీస్తు శరీరము" అని గురువు అనగానే "ఆమెన్" అని వినబడేలా చెప్పి, అక్కడే కుడిచేత్తో తీసుకొని నోట ఉంచుకోండి. ఎడమచేత్తో ఏదీ అందుకోకూడదని ఇంట్లో మేమే నేర్పాము కనుక మీకు సందేహం రావచ్చు. ఇక్కడ ఎడమచేయి పీటలా మోస్తుంది, నోటికి అందించేది కుడిచేయే. అరచేతిలో చిన్న పలుకు మిగిలినా వదలకుండా స్వీకరించండి.

తరువాత కళ్ళు మూసుకొని కాసేపు ఆయనతో మాట్లాడండి. వచ్చే ఆదివారం పావుగంట ముందే బయలుదేరదాం. గుడి ఇంకా నిండకముందే ఆ ఎర్రదీపం దగ్గర మిమ్మల్ని నిలబెట్టి చూపిస్తాను.

మీ తాతయ్య