కొరియన్ వీడియో గేమ్‌ల సేకరణ: అపోహలు – వాస్తవాలు

కొరియాలో తయారైన గేమ్ యంత్రాలను, వాటిలో పెట్టి ఆడే గేమ్ డబ్బీలైన కార్ట్రిడ్జ్‌లను, పెట్టెల్లో అమ్మిన కంప్యూటర్ గేమ్‌లను సేకరించడం నా వ్యాపకం. ఈ దారిలోకి కొత్తగా వచ్చేవారు అడిగే ప్రశ్నల వెనక కొన్ని అపోహలు పదే పదే కనిపిస్తుంటాయి. మార్కెట్ ధర తెలియక నష్టపోయేవారు నాకు తక్కువగానే తారసపడ్డారు. చేతిలో ఉన్న వస్తువును ఎవరు తయారు చేశారు, ఏ యంత్రం కోసం చేశారు, ఎవరి అనుమతితో చేశారు అన్న మూడు సంగతులూ చూడకుండా కొని నష్టపోయేవారే ఎక్కువ. కింద రాసినవన్నీ ఆ మూడు సంగతుల చుట్టూ తిరిగేవే.

అపోహ: కొరియాది ఆన్‌లైన్ గేమ్‌ల చరిత్ర మాత్రమే. టీవీకి తగిలించి ఆడే యంత్రాలు అక్కడ లేవు.

నెక్సాన్ సంస్థ తన తొలి ఆన్‌లైన్ గేమ్ ‘బరమె నారా’ను 1996లో విడుదల చేసింది. అంతకు పదకొండేళ్ల ముందే, 1985లో, దేవూ సంస్థ ‘జెమిక్స్’ అనే యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అప్పటికే దేవూ, వేర్వేరు సంస్థలు ఉమ్మడిగా పాటించిన ఎంఎస్ఎక్స్ అనే ప్రమాణంతో ఇంటి కంప్యూటర్లు తయారు చేస్తోంది. అదే కంప్యూటర్ నుంచి కీబోర్డు తీసేసి, కార్ట్రిడ్జ్ పెట్టుకునే గాడి, జాయ్‌స్టిక్ తగిలించే రంధ్రాలు మాత్రం మిగిల్చితే తయారైనది జెమిక్స్. 1989లో సామ్‌సంగ్ సంస్థ సెగా మాస్టర్ సిస్టమ్‌ను ‘గెమ్‌బోయ్’ పేరుతోనూ, హ్యుందాయ్ సంస్థ నింటెండో ఎన్‌ఈఎస్‌ను ‘కంబోయ్’ పేరుతోనూ అమ్మడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత సామ్‌సంగ్ నుంచి ‘సూపర్ గెమ్‌బోయ్’గా సెగా మెగా డ్రైవ్, హ్యుందాయ్ నుంచి ‘సూపర్ కంబోయ్’గా సూపర్ నింటెండో వచ్చాయి. పీసీ ఇంజిన్ అనే జపాన్ గేమ్ యంత్రాన్ని దేవూ, హైతై సంస్థలు వేర్వేరు పేర్లతో తెచ్చాయి. గోల్డ్‌స్టార్ 3డీఓ అనే గేమ్ యంత్రాన్ని తయారు చేసింది. ఆ గోల్డ్‌స్టారే 1995లో ఎల్‌జీ అయింది. మన ఇళ్లలో ఫ్రిజ్‌లుగా, ఫోన్లుగా, కార్లుగా పరిచయమైన కొరియన్ పేర్లలో చాలావాటికి ఒక గేమ్ యంత్రపు గతం ఉందన్నమాట. హ్యుందాయ్ విషయంలో మాత్రం కంబోయ్‌ను అమ్మింది కార్ల సంస్థ కాదు, ఆ గ్రూపులోని ఎలక్ట్రానిక్స్ సంస్థ. నేటి ఎస్‌కే హైనిక్స్ దానికి వారసురాలు.

అపోహ: కొరియన్ కంపెనీ పేరున్న సెగా, నింటెండో యంత్రాలు నకిలీవి.

ఇది తప్పు. అవి అనుమతితో వచ్చిన యంత్రాలు. జపాన్‌తో వాణిజ్య లోటును తగ్గించుకోవడానికి కొరియా ప్రభుత్వం 1978 నుంచి 1999 వరకు అమలు చేసిన దిగుమతి విధానం వల్ల, జపాన్‌లో తయారైన వస్తువులు చాలావరకు నేరుగా ఆ దేశంలోకి రాలేకపోయాయి. కనుక జపాన్ సంస్థలు కొరియన్ సంస్థలతో ఒప్పందం చేసుకుని, వాటి పేరుతో యంత్రాలను అమ్మవలసి వచ్చింది. ఎన్‌ఈఎస్ యంత్రాల నకళ్లు కొరియా బజార్లలో విరివిగా దొరికిన మాట నిజమే కానీ, వాటికీ హ్యుందాయ్ కంబోయ్‌కీ సంబంధం లేదు.

అపోహ: గెమ్‌బోయ్ అంటే నింటెండో గేమ్ బాయ్.

పేర్ల పోలిక వల్ల జరిగే ఈ పొరపాటు కొనేవారికి నేరుగా నష్టం చేస్తుంది. సామ్‌సంగ్ గెమ్‌బోయ్ టీవీకి తగిలించే సెగా యంత్రం. ‘హ్యాండీ గెమ్‌బోయ్’ చేతిలో పట్టుకుని ఆడేదే అయినా, అది సెగా గేమ్ గేర్. నింటెండో వారి అసలైన గేమ్ బాయ్ కొరియాలో హ్యుందాయ్ ‘మినీ కంబోయ్’గా వచ్చింది. దీనికి తోడు సామ్‌సంగ్ తన సెగా యంత్రాలను తర్వాతి కాలంలో ‘అలాద్దీన్ బోయ్’, ‘సూపర్ అలాద్దీన్ బోయ్’ అనే పేర్లతో అమ్మింది. ఒకే యంత్రానికి రెండు పేర్లున్నప్పుడు కొందరు అమ్మకందారులు వాటిని వేర్వేరు అరుదైన వస్తువులుగా చూపుతారు. ప్రకటనలోని పేరును పక్కన పెట్టి, యంత్రం అడుగున ఉన్న మోడల్ చీటీ ఫొటో అడగడం మంచిది.

అపోహ: జెమినా లాంటి సంస్థల కార్ట్రిడ్జ్‌లు దొంగ సరుకు. వాటిని సేకరించడం దండగ.

నేను కాస్త తీరిగ్గా మాట్లాడదలచుకున్నది ఈ అపోహ గురించే. జెమినా, క్లోవర్ వంటి కొరియన్ ప్రచురణ సంస్థలు 1980ల చివర్లో, 1990ల మొదట్లో తెచ్చిన గేమ్‌లలో జపాన్ గేమ్‌ల అనుకరణలు చాలా ఉన్నాయన్నది కాదనలేని సంగతి. ‘సూపర్ బాయ్’ అనే వరుసను చూసిన ఎవరికైనా అది మారియోను చూసి గీసినదని క్షణంలో అర్థమవుతుంది. కొనామీ వారి ‘నెమెసిస్’ మాస్టర్ సిస్టమ్ మీద ఉన్నదంటే, దాన్ని ఆ యంత్రానికి తెచ్చినది కొనామీ కాదు, జెమినా. కానీ ఇవన్నీ ఒక్క గాటన కట్టదగినవి కావు.

కొరియాలో కంప్యూటర్ ప్రోగ్రాముల రక్షణ చట్టం 1987 జూలైలో అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఒక గేమ్‌లోని కోడ్‌ను యథాతథంగా మరో కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కించి అమ్మినా అడ్డుకునే ప్రత్యేక చట్టం లేదు. చట్టం వచ్చాక కోడ్‌కు రక్షణ దొరికింది. దాంతో రూపాన్ని అనుకరిస్తూనే ప్రోగ్రామును సొంతంగా రాసుకోవలసిన అవసరం ప్రచురణ సంస్థలకు ఏర్పడింది. ఆ రాసే క్రమంలోనే ఒక తరం కొరియన్ ప్రోగ్రామర్లు యంత్రం లోపలి పనితీరును నేర్చుకున్నారు. అదే కాలంలో పూర్తిగా స్థానికమైన పనులూ వచ్చాయి. కొరియన్ పిల్లలందరికీ తెలిసిన డైనోసార్ బొమ్మ పాత్ర ‘దూలీ’తో దౌ ఇన్ఫోసిస్ సంస్థ 1991లో మాస్టర్ సిస్టమ్‌కు ఒక గేమ్ తయారు చేసింది. 1992లో సామ్‌సంగ్ మెగా డ్రైవ్ మీద ‘ఉజు గొబుక్‌సన్’ విడుదల చేసింది. సేనాని యి సున్ సిన్ పేరుతో ముడిపడిన తాబేలు ఓడను అంతరిక్షంలో ఎగరేసే కాల్పుల గేమ్ అది.

ఇక సాంకేతికంగా చూస్తే ఈ కార్ట్రిడ్జ్‌లు మరింత ఆసక్తికరం. మాస్టర్ సిస్టమ్‌లోనూ, ఎంఎస్ఎక్స్‌లోనూ ఉన్నది ఒకే జెడ్80 ప్రాసెసర్. అంతేకాక మాస్టర్ సిస్టమ్ దృశ్య చిప్పులో, ఎంఎస్ఎక్స్ వాడిన పాత టీఎంఎస్ చిప్పు పద్ధతులు కూడా పనిచేస్తాయి. అందుకే జెమిక్స్ కోసం రాసిన గేమ్‌లను కొరియన్ సంస్థలు పెద్దగా మార్పు లేకుండా గెమ్‌బోయ్‌కు తరలించగలిగాయి. సౌండ్ చిప్పులు వేరు కనుక సంగీతం భాగాన్ని మాత్రం మళ్లీ రాయాలి. ఒకే గేమ్‌ను రెండు యంత్రాల్లోనూ పక్కపక్కన పెట్టి చూస్తే, గెమ్‌బోయ్‌లో రంగులు కాస్త ముదురుగా, మురికి పట్టినట్లుగా కనిపిస్తాయి. అది కార్ట్రిడ్జ్ లోపం కాదు. పాత పద్ధతిలో ఆ చిప్పు చూపే రంగుల పట్టికే అలాంటిది. టీవీని సరిచేసుకుంటూ కూర్చోనక్కరలేదు.

ఇందులోనే మరొక చిక్కు ఉంది. మెగా డ్రైవ్ దృశ్య చిప్పులో ఆ పాత పద్ధతులను తీసేశారు. కాబట్టి సూపర్ గెమ్‌బోయ్‌కు, గెమ్‌బోయ్ కార్ట్రిడ్జ్‌లు పెట్టుకునే అడాప్టర్ తగిలించి ఈ తరలింపు గేమ్‌లను పెడితే బొమ్మ సరిగా రాదు. కార్ట్రిడ్జ్ పాడైందనుకుని చవగ్గా వదిలించుకునేవారు ఉంటారు. మీరు కొనేవైపు ఉన్నా, అమ్మేవైపు ఉన్నా, దాన్ని అసలైన గెమ్‌బోయ్‌లో పెట్టి చూడకుండా తీర్పు చెప్పవద్దు.

పెద్ద కొరియన్ గేమ్‌లు చాలావాటిలో, సెగా వాడే మెమరీ చిరునామాల వద్ద కాకుండా వేరే చోట రాసి రోమ్ (గేమ్ నిల్వ ఉండే చిప్పు) భాగాలను మార్చుకునే పద్ధతి ఉంటుంది. పాత యంత్రంలా కంప్యూటర్‌ను పనిచేయించే ప్రోగ్రాములైన ఎమ్యులేటర్ల రంగంలో దీన్ని ‘కొరియన్ మ్యాపర్’ అనే పిలుస్తారు. కార్ట్రిడ్జ్‌లోని సమాచారాన్ని కంప్యూటర్‌లోకి తీసే మామూలు పరికరానికి ఈ పద్ధతి తెలియకపోతే, మొదటి భాగమే పదే పదే వచ్చిన ఫైలు మీ చేతికి వస్తుంది. తీసిన ఫైలును ఎమ్యులేటర్‌లో రెండు మూడు దశల వరకు ఆడి చూశాకే పని అయిందనుకోవాలి.

అపోహ: పెట్టె మీద కొరియన్ లిపి ఉంటే లోపల గేమ్ కూడా కొరియన్ భాషలోనే ఉంటుంది.

చాలా సందర్భాల్లో పెట్టె, సూచనల పుస్తకం మాత్రమే కొరియన్‌లో ఉండి, గేమ్ తెర మీద ఇంగ్లిష్ గానీ జపనీస్ గానీ కనిపిస్తుంది. మొత్తం సంభాషణలను కొరియన్‌లోకి మార్చిన కార్ట్రిడ్జ్‌లు తక్కువ. మెగా డ్రైవ్ మీద ‘స్టోరీ ఆఫ్ థోర్’, ‘లైట్ క్రూసేడర్’ అలాంటివి. వాటి ధర ఎక్కువగా ఉండడానికి న్యాయమైన కారణం ఉంది. మిగిలినవాటికి అదే స్థాయి ధర అడిగితే, తెర మీది సంభాషణ ఫొటో పంపమని అడగండి.

అపోహ: కొరియాలో జపాన్ గేమ్‌ల మీద పూర్తి నిషేధం ఉండేది.

జపాన్ ప్రజా సంస్కృతి మీద ఆంక్షలు ఉండేవి. 1998 అక్టోబరు నుంచి వాటిని దశలవారీగా సడలించారు. 2000 జూన్‌లో కంప్యూటర్, ఆర్కేడ్ గేమ్‌లకు దారి తెరిచినా కన్సోల్ (టీవీకి తగిలించే యంత్రాల) గేమ్‌లను మినహాయించారు. ఆ మినహాయింపు కూడా 2004 జనవరిలో తొలగిపోయింది. అయితే పైన చెప్పిన కొరియన్ సంస్థల యంత్రాల మీద ఆడినవి ఎక్కువగా జపాన్ గేమ్‌లే. కనుక ‘నిషేధ కాలపు రహస్య వస్తువు’ అని కథ చెప్పి రేటు పెంచితే నమ్మనవసరం లేదు.

అపోహ: జీపీ32 విఫలమైన బొమ్మ.

గేమ్‌పార్క్ సంస్థ 2001 నవంబరులో తెచ్చిన ఈ చేతి యంత్రం వాణిజ్యపరంగా నింటెండోను తాకలేకపోయింది. అయినా మూడున్నర అంగుళాల తెర, 133 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎమ్ ప్రాసెసర్, స్మార్ట్‌మీడియా అనే మెమరీ కార్డు, రెండు పెన్సిల్ బ్యాటరీలతో వచ్చిన జీపీ32 ఇంకో కారణంతో నిలిచిపోయింది. సొంతంగా ప్రోగ్రాములు రాసుకునేవారికి ఆ సంస్థ తలుపులు మూయలేదు. ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లో దానికి ఎమ్యులేటర్లు, గేమ్‌లు రాశారు. ఆ వారసత్వంలోనే 2005లో లైనక్స్‌తో జీపీ2ఎక్స్, 2009లో ఓఎల్ఈడీ తెరతో విజ్, 2010లో కానూ అనే చేతి యంత్రాలు వచ్చాయి.

కొనేటప్పుడు మొదట అడగవలసినది తెర రకం. తొలి యంత్రాల తెరకు సొంత వెలుగు లేదు. తర్వాత ముందు నుంచి వెలుగు పడేవి, ఆపై వెనక నుంచి వెలుగు వచ్చేవి తయారయ్యాయి. రెండో సంగతి స్మార్ట్‌మీడియా కార్డు. ఆ కార్డుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. వాటిలో 128 ఎంబీకి మించినవి లేవు. కార్డు లేని యంత్రాన్ని చవగ్గా కొని, కార్డు కోసం యంత్రమంత ఖర్చు పెట్టే పరిస్థితి రావచ్చు. అధికారిక గేమ్‌లకు కార్డు గుర్తింపు సంఖ్యతో ముడిపడిన నకలు రక్షణ ఉంటుంది. కాబట్టి ఆ కార్డులను ఫార్మాట్ చేయకండి.

అపోహ: కొరియన్ గేమ్ జపాన్ యంత్రంలో ఆడుతుంది.

పాతవాటిలో కొన్ని ఆడతాయి. కొత్తవాటిలో ఈ ఊహ పనికిరాదు. నింటెండో యంత్రాలైన వీ, 3డీఎస్‌ల విషయంలో కొరియాకు ప్రత్యేక ప్రాంతపు తాళం ఉంది. ఆ గేమ్‌లకు కొరియన్ యంత్రమే కావాలి.

అపోహ: కొరియాలోనూ 220 వోల్టులే కనుక పాత యంత్రాన్ని మన ప్లగ్గులో నేరుగా పెట్టవచ్చు.

దయచేసి పెట్టకండి. కొరియా ఇళ్ల విద్యుత్తును 110 నుంచి 220 వోల్టులకు మార్చే కార్యక్రమం 1973లో మొదలై 2005లో గానీ పూర్తికాలేదు. అంటే 1980, 1990 దశకాల అడాప్టర్లలో 110కి మాత్రమే పనికొచ్చేవి, మీట జరిపి రెండింటికీ మార్చుకునేవి కలగలిసి దొరుకుతాయి. 110 అడాప్టర్‌ను మన 230 వోల్టుల లైనులో పెడితే అది మాడిపోతుంది. యంత్రాన్ని కూడా తీసుకుపోవచ్చు. 220 రకమైనా, 60 హెర్ట్జ్ కోసం చేసిన పాత ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. యంత్రం అడుగున రాసిన వోల్టులు, ఆంపియర్లు, ఏసీనా డీసీనా అన్నది, ప్లగ్ మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది చూసి, సరిపడే కొత్త అడాప్టర్ కొనుక్కోవడమే క్షేమం. మరో మాట: ఆ కాలంలో కొరియాది ఎన్‌టీఎస్‌సీ టీవీ పద్ధతి, మనది పాల్ పద్ధతి. పాల్ మాత్రమే తెలిసిన పాత డబ్బా టీవీలో బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే యంత్రాన్ని అనుమానించకండి.

అపోహ: సీలు విప్పనిదే అసలైన వస్తువు.

ప్లాస్టిక్ పొరను వేడి గాలితో మళ్లీ బిగించడం ఏ దుకాణంలోనైనా అయ్యే పని. సీలు ఉన్న పెట్టెలో రోమ్ చిప్పు ఏ స్థితిలో ఉందో, ఆట ప్రగతిని గుర్తుంచే సేవ్ బ్యాటరీ కారిందో లేదో ఎవరికీ తెలియదు. సోల్‌లో నంబు బస్ టెర్మినల్ దగ్గరున్న కుక్జే ఎలక్ట్రానిక్స్ సెంటర్ తొమ్మిదో అంతస్తు పాత గేమ్‌ల దుకాణాలకు పేరు పొందింది. అలాంటి చోట వస్తువును చేతికి తీసుకుని చూసే అవకాశం ఉంటే, నేను సీలున్న పెట్టె కన్నా విప్పి బోర్డు చూపించే పెట్టెకే మొగ్గుతాను.

అపోహ: పాత గేమ్‌లన్నీ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

జెజు ద్వీపంలో 2013లో నెక్సాన్ కంప్యూటర్ మ్యూజియం మొదలైంది. అది చేసిన గొప్ప పనుల్లో ఒకటి ‘బరమె నారా’ తొలి రూపాన్ని 2014లో పునరుద్ధరించడం. అంత పెద్ద సంస్థ తన సొంత గేమ్‌నే పునరుద్ధరించుకోవలసి వచ్చిందంటే, మూతపడిన చిన్న సంస్థల గేమ్‌ల సంగతి ఊహించుకోవచ్చు. 1987లో ఆపిల్ కంప్యూటర్ మీద వచ్చిన ‘షింగమె జొన్సల్’ తరంలో గేమ్‌లు ఫ్లాపీల మీద అమ్ముడయ్యేవి. ఫ్లాపీకి బూజు పట్టవచ్చు, అయస్కాంత పూత రాలవచ్చు. అటువంటి డిస్కు మీ చేతికి వస్తే, పనిచేస్తుందో లేదో చూద్దామని డ్రైవులో పెట్టకండి. ముందుగా ఉపరితలాన్ని వెలుతురులో తిప్పి చూసి, బూజు ఉంటే తొలగించి, అయస్కాంత సంకేతాన్ని ఉన్నదున్నట్లుగా నమోదు చేసే పరికరంతో ఒకసారి చదివించి ఫైలుగా దాచండి. సాధారణ నకలుకు అందని రక్షణ గుర్తులు కూడా ఆ పద్ధతిలో నమోదవుతాయి. ఆడి చూడడం ఆ తర్వాత, ఆ ఫైలుతోనే.