సింగిల్ విండో: పోర్టల్ కంటే పాత కథ

వ్యాపారుల కోసం ప్రభుత్వం ఏ కొత్త పోర్టల్ తెచ్చినా చెప్పే మాట ఒకటే: ఇక ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, అనుమతులన్నీ ఒకే చోట, అంటే సింగిల్ విండోలో. ఈ మాట ఇంటర్నెట్ కంటే పాతది. 1977 డిసెంబరులో, జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన పారిశ్రామిక విధానం, చిన్న పరిశ్రమకు కావాల్సినవన్నీ జిల్లాలోనే ఒకే చోట దొరకాలంది. మరుసటి ఏడాది జిల్లా పరిశ్రమల కేంద్రాలు వచ్చాయి. కానీ సంతకం పెట్టే అధికారం మాత్రం వాటి చేతికి రాలేదు. పొల్యూషన్ బోర్డు సీఎఫ్‌ఈ (యూనిట్ కట్టే ముందు తీసుకునే అనుమతి), ఫ్యాక్టరీల శాఖ ప్లాన్ అప్రూవల్, ఫైర్ ఎన్‌ఓసీ, కరెంటు కనెక్షన్... ఎవరి ఫైలు వాళ్ల దగ్గరే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో సింగిల్ విండో చట్టం తెచ్చింది. కేంద్రం 2013 జనవరిలో ఈబిజ్ పోర్టల్ ప్రారంభించింది. ఇన్ఫోసిస్ కట్టిన ఆ పోర్టల్‌కు పైలట్ రాష్ట్రాల్లో మనదీ ఒకటి. అయితే శాఖలు తమ సొంత సైట్లను వదులుకోలేదు. దాంతో దరఖాస్తుదారుడికి తెరవాల్సిన సైటు ఇంకొకటి పెరిగింది, అంతే.

పరిశ్రమలకు అనుమతులిచ్చే తెలంగాణ విధానం టీఎస్ ఐపాస్‌లో వరస మారింది. ముందు 2014లో చట్టం, ఆ తర్వాత 2015 జూన్‌లో విధానం అమలు. అసలు విషయం వెబ్‌సైట్‌లో లేదు, చట్టంలోని గడువుల్లో ఉంది. భారీ ప్రాజెక్టుకు 15 రోజులు, మిగతావాటికి 30. ఆలస్యం ఎందుకైందో అడిగే హక్కు దరఖాస్తుదారుడికి ఉంటుంది, తప్పు తేలితే జరిమానా అధికారి మీద పడుతుంది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ 21 రోజుల గడువుతో సింగిల్ డెస్క్ తెచ్చింది. పొరుగువాళ్ల పోటీ కూడా బాగానే పనిచేసిందనాలి: 2015 సులభతర వాణిజ్య ర్యాంకుల్లో ఆంధ్ర రెండు, తెలంగాణ పదమూడు. మరుసటి ఏడాదికి 98.78 శాతంతో రెండూ కలిసి మొదటి స్థానం. అయితే ఆ మార్కులు ప్రభుత్వాలు తాము చేశామని చూపించిన సంస్కరణలకు వచ్చినవి. దరఖాస్తుదారులు ఏమంటున్నారన్నది గట్టిగా లెక్కలోకి వచ్చింది తర్వాతే.

2021 సెప్టెంబరు 22న కేంద్రం మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి నేషనల్ సింగిల్ విండో సిస్టం పేరుతో. మొదట 18 కేంద్ర శాఖలు, 9 రాష్ట్రాలు చేరాయి. ఈబిజ్ గతి చూశాక కావచ్చు, పాత సైట్లను తీసేయకుండా వాటి పైన ఇంకో పొరగా దీన్ని కట్టారు. 2023 బడ్జెట్‌లో పాన్‌నే ఉమ్మడి గుర్తింపు చేస్తామన్నారు. ఒకే పేరు, ఒకే చిరునామా ప్రతి ఫారంలో మళ్లీ మళ్లీ కొట్టే బాధ తగ్గాలంటే కావాల్సింది నిజంగా అదే. ఈలోగా చిన్న పచ్చళ్ల యూనిట్ పెట్టుకునే మనిషికి ఫుడ్ లైసెన్సు ఆహార భద్రతా సంస్థ పోర్టల్ ఫోస్కోస్‌లో, జీఎస్టీ నంబరు దాని పోర్టల్‌లో, చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యం రిజిస్ట్రేషన్ ఇంకో దాంట్లో. ఓటీపీలు మాత్రం అన్నీ ఒకే ఫోనుకు వస్తున్నాయి.