పల్టన్‌లో పంతులుగా: మనవలకు ఒక ఉత్తరం

ప్రియమైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య దీవెనలు.

మొన్న క్రిస్మస్‌కు అందరూ ఇంటికి వచ్చినప్పుడు, గోడమీద యూనిఫాంలో ఉన్న నా ఫొటో చూసి మీలో అందరికంటే చిన్నవాడు "తాతయ్యా, నువ్వు యుద్ధంలో ఎంతమందిని కాల్చావు?" అని అడిగాడు. ఎవరినీ కాల్చలేదని చెప్పగానే వాడి ముఖం చిన్నబోయింది. అంతకాలం సైన్యంలో మరి ఏం చేసినట్టని మిగతావాళ్ళు కూడా నావైపు చూశారు. భోజనాల హడావుడిలో చెప్పలేకపోయిన ఆ సంగతిని ఇప్పుడు తీరికగా రాస్తున్నాను.

నేను సైన్యంలో పంతులును. మన సైన్యంలో ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ అనే విభాగం ఒకటి ఉంది. దాని శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లో సాత్పురా కొండలమీద, పచ్‌మఢీలో ఉంది. 'విద్యైవ బలం' అన్నది ఆ విభాగపు నినాదం. 1970లో నేను అందులో హవల్దార్‌గా చేరి, ఆ తరువాత మద్రాస్ రెజిమెంటు పల్టన్ ఒకదానికి, అంటే ఒక బెటాలియన్‌కు, పాఠాలు చెప్పడానికి వెళ్ళాను.

తుపాకి పట్టేవాడికి చదువెందుకని మీకు అనిపించవచ్చు. ఆ పల్టన్‌లో తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్ళు కలిసి ఉండేవారు. ఆజ్ఞలు మాత్రం హిందీలో వచ్చేవి. కాబట్టి మొదట హిందీ నేర్పాలి. పై హోదా కావాలంటే విద్యా పరీక్షలతోపాటు మ్యాప్ రీడింగ్ పరీక్ష కూడా ప్యాసవ్వాలి. అన్నిటికంటే నాకు ఇష్టమైన పాఠం ఈ మ్యాప్ రీడింగే. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 షీటు మీద రెండు సెంటీమీటర్లంటే నేలమీద ఒక కిలోమీటరు. మ్యాప్ మీద గీసిన గళ్ళ అంకెలతో చోటును చెప్పడాన్ని గ్రిడ్ రిఫరెన్సు అంటారు. ఆరంకెల గ్రిడ్ రిఫరెన్సు చెబితే, మనం చూపదలచిన చోటు వంద మీటర్ల చదరంలోకి వచ్చేస్తుంది. అయితే తూర్పు అంకెలు ముందు, ఉత్తరపు అంకెలు తరువాత చెప్పాలి. అవి తారుమారైతే ఫిరంగి గుండు శత్రువు మీద కాక మనవాళ్ళమీదే పడవచ్చు. కాల్చడం గురించి అడిగిన చిన్నవాడికి ఇదే నా జవాబు: ఫిరంగి పేలే ముందు ఎవరో ఒకరు ఆ అంకెలు సరిగా చదవాలి, ఆ చదవడం నేర్పినవాణ్ణి నేను.

కొండ ఎత్తులు చూపే కాంటూరు గీతలు మాత్రం కుర్రాళ్ళకు ఒక పట్టాన ఎక్కేవి కావు. లంగర్ నుంచి, అంటే పల్టన్ వంటశాల నుంచి, ఒక బంగాళాదుంప తెప్పించి, సగానికి కోసి బల్లమీద బోర్లించి, అడ్డంగా చక్రాలు తరిగి, ఒక్కో చక్రం అంచును ఒకే కాగితం మీద గీసి చూపేవాణ్ణి. గీతలు ఒత్తుగా ఉన్నచోట ఎక్కడం కష్టమని, ఎడంగా ఉన్నచోట వాలు తేలికని అప్పుడు తెలిసేది. పాఠం అయ్యాక ఆ ముక్కలు మళ్ళీ లంగర్‌కే వెళ్ళేవి.

ఇంతకీ నాకు చదువు ఎలా అబ్బిందో చెప్పాలి. మనది తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లె. ఇంటింటికీ ఒక సైనికుడున్నాడని పేరుపొంది, మిలటరీ మాధవరంగా పిలుచుకునే ఊరు మనకు ఎంతో దూరం కాదు. మీ ముత్తాత కూడా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పయనీర్ కోర్‌లో చేరి, అస్సాం వైపు రోడ్లు వేసి వచ్చాడు. జీతం పుస్తకంలో వేలిముద్ర వేసిన ప్రతిసారీ తలదించుకునేవాడినని మాకు చెప్పేవాడు. ఊరి బడిలో మన పేట పిల్లలను గడప అవతల కూర్చోబెట్టిన రోజులవి. అందుకే లూథరన్ మిషన్ వాళ్ళు పేటలో వేసిన తాటాకు పాకలోకే నన్ను పంపాడు. ఆ పాక ఆదివారం గుడి, మిగతా రోజుల్లో బడి. అక్షరాలు, కీర్తనలు, ఎక్కాలు, పది ఆజ్ఞలు అన్నీ ఒకే అయ్యగారు చెప్పేవారు. అందువల్లనేమో, చదువును, ప్రార్థనను వేరువేరు పనులుగా నేను ఏనాడూ అనుకోలేదు. ఆ తరువాత గుంటూరులో, 1885లో మొదలైన ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో డిగ్రీ చదివాను.

సైన్యంలోకి వెళితే విశ్వాసం పోతుందని పేటలో కొందరు భయపెట్టారు. నేను చూసింది వేరు. శిక్షణ పూర్తయి ప్రమాణం చేసే కసమ్ పరేడ్‌లో ఎవరి మతగ్రంథం మీద వాళ్ళు చెయ్యి పెడతారు. పండితుణ్ణి, మౌల్వీని, గ్రంథీని, పాస్టరును సైన్యమే మతబోధకులుగా నియమించుకుంటుంది. మందిర్ పరేడ్‌కు, అంటే గుడిలో జరిగే సామూహిక పూజకు, పల్టన్ అంతా కదిలేది. నేనూ వెళ్ళి అందరితో కూర్చునేవాణ్ణి. క్రిస్మస్ రాత్రి నేను కీర్తన ఎత్తుకుంటే నెల్లూరు రెడ్డిగారి అబ్బాయి తాళం వేసేవాడు. ఎవరి దేవుడు గొప్ప అనే వాదన నా ఎదుట ఎన్నడూ రాలేదు. అయితే నన్ను అడిగితే, ఇది మంచితనం ఒక్కదానివల్లనే జరిగింది కాదు. రేపు పక్కవాడి చేతిలో మన ప్రాణం ఉంటుందన్న ఎరుక కూడా మనిషికి మర్యాద నేర్పుతుంది.

1971 డిసెంబరులో పశ్చిమ సరిహద్దు వెనుక ఉన్నాం. ఆ నెల 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటుకు దారితీసింది. ఆ రోజుల్లో నా చేతినిండా ఉత్తరాలే. రాయడం రానివాళ్ళ తరఫున ఇళ్ళకు నేనే రాసేవాణ్ణి. చిరునామాలో ఊరు ఉండదు, '56 ఏపీఓ' అని సైనిక తపాలా కార్యాలయం నంబరు మాత్రమే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా సిపాయి ఒకడు, కొన్నాళ్ళు పట్టుదలగా నేర్చుకుని, వాళ్ళమ్మకు మొదటిసారి సొంతంగా ఉత్తరం రాశాడు. వారం పదిరోజులకు ఆ ఊరి పోస్టుమాస్టరు చేత రాయించిన జవాబు వచ్చింది. ప్రతిసారీ వచ్చే గుండ్రటి దస్తూరి మారిపోయేసరికి, కొడుకుకు ఏదో అయిందని, ఎవరో దాచిపెట్టి రాస్తున్నారని ఆ తల్లి ఏడుపు మొదలుపెట్టిందట. వంకర అక్షరాలు తనవేనని వాడు, అవునని సాక్షిగా నేను, ఒకే కాగితం మీద ఇద్దరం రాసి పంపాక గానీ ఆమె కుదుటపడలేదు.

మీ నాయనమ్మ గురించి ఫొటోలేవీ చెప్పవు కాబట్టి నేను చెప్పాలి. ఫీల్డ్ స్టేషన్‌లో, అంటే సరిహద్దు దగ్గరి విధుల్లో, కుటుంబాన్ని ఉంచుకోవడానికి వీల్లేదు. ఏడాదికి రెండు నెలల సెలవు, అందులో రైళ్ళకే పోయేది కొంత. మిగతా కాలమంతా ఆమె పేట బడిలో పిల్లలకు పాఠం చెబుతూ, మీ నాన్నలను, అత్తలను చదివిస్తూ, సాయంత్రం కుటుంబ ప్రార్థన ఒక్కరోజు తప్పకుండా ఇల్లు నడిపింది. మనింట్లో పెద్ద బరువు మోసింది ఆవిడే. పెన్షన్ మాత్రం నా పేరున వస్తోంది.

చివరగా పెద్దమ్మాయికి. సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్ష రాస్తానన్నావు. 2022 నుంచి అక్కడ అమ్మాయిలను కూడా చేర్చుకుంటున్నారు. నేను పనిచేసిన కోర్‌లో అయితే 1990ల నుంచే మహిళా అధికారులు ఉన్నారు. రాతపరీక్షలో లెక్కలకు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600. నీకు త్రికోణమితి తడబడుతోందని మీ నాన్న చెప్పాడు. వేసవి సెలవులకు వచ్చేటప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం, గ్రాఫు కాగితాలు తెచ్చుకో. ఉదయం ఐదున్నరకు మొదలుపెడదాం, అప్పటికి నేను లేచే ఉంటాను.

దేవుని కృప మీకు తోడై ఉండును గాక.

మీ తాతయ్య