రక్తంలో తిరిగే డీఎన్ఏ ముక్కలు, మా పిన్ని రాగి చెంబు

మా పిన్నిది చిత్తూరు. కీమో చేయించుకుంటా ఉంది. పోయిన నెల చూడ్డానికి పోతే మంచం పక్కన స్టూల్ మీద రాగి చెంబు, గిన్నెలో నల్ల ద్రాక్ష. రాగి, ద్రాక్ష కలిస్తే క్యాన్సర్ ఇంకోచోటికి పాకదని ఎవరో వాట్సాప్‌లో పెట్టినారంట. ఈ మాట ఊరికే పుట్టలేదు, దీని వెనక చాలా ఏళ్ల పరిశోధన ఉంది.

1948లో ఫ్రాన్స్‌లో మాందెల్, మెతే అనే ఇద్దరు మనిషి ప్లాస్మాలో, అంటే రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో, కణాల బయట తేలే డీఎన్ఏ ఉందని చూపించినారు, అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలా. 1977లో క్యాన్సర్ ఉండేవాళ్లలో అది ఎక్కువని తేలింది, 1989 నాటికి అందులో కొంత గడ్డ నుంచే వస్తోందని కూడా. అక్కడ్నుంచి వచ్చిందే లిక్విడ్ బయాప్సీ, అంటే గడ్డ ముక్క కోయకుండా రక్తంలోనే క్యాన్సర్ గుర్తులు వెతికే పరీక్ష.

అంటే ఇన్నేళ్లూ ఆ ముక్కల్ని జబ్బుకి గుర్తుగానే చూసినారు. జబ్బుని పాకించేది కూడా అవేనేమో అని 1999లో స్పెయిన్‌లో గార్సియా-ఓల్మో వాళ్లు గట్టిగా అడిగినారు, గడ్డ కణమే ప్రయాణం చేయక్కర్లేదు, దాని డీఎన్ఏ దూరంగా ఉండే మంచి కణంలోకి దూరినా చాలేమో అని. మన ముంబై టాటా మెమోరియల్‌లో ఇంద్రనీల్ మిత్రా బృందం ఇంకా ముందుకి పోయింది: చచ్చే కణాలు వదిలే క్రోమాటిన్ (ప్రోటీన్లకి చుట్టుకుని ఉండే డీఎన్ఏ) ముక్కలు పక్క కణాల్లోకి దూరి వాటి డీఎన్ఏని దెబ్బతీస్తాయని, కీమోకి చచ్చే కణాలు కూడా వీటిని వదుల్తాయని. ఇది చదివినప్పుడు నాకు పిన్నే గుర్తొచ్చి కాసేపు ఫోన్ పక్కన పెట్టేసినా.

ఆ ముక్కల్ని విరగ్గొట్టడానికి మిత్రా వాళ్లు వాడింది రెస్వెరట్రాల్, కాపర్ (అంటే రాగి). రెస్వెరట్రాల్ ద్రాక్ష తొక్కలో ఉండేదే, ఆ రెండూ కలిస్తే పుట్టే ఫ్రీ రాడికల్స్ (దేన్నైనా ఇట్టే పట్టుకుని దెబ్బతీసే అణువులు) డీఎన్ఏని తెంపుతాయి. వాట్సాప్ మాటకి మూలం ఇదే అనుకుంటా. ఇంకో దారి డీఎన్ఏస్ అనే ఎంజైమ్: తెల్ల రక్తకణాలు విసిరే డీఎన్ఏ వలల్లో క్యాన్సర్ కణాలు చిక్కి అక్కడే కుదురుకుంటాయని, ఎంజైమ్‌తో వల తెగ్గొడితే పాకడం తగ్గుతుందని 2013లో ఎలుకల్లో చూసినారు.

కానీ ఇందులో ఎక్కువ భాగం ఎలుకల్లో, ల్యాబ్ గిన్నెల్లో చూసిందే. మనుషుల్లో పాకడం ఆగుతుందని పెద్ద ట్రయల్స్‌లో రుజువు కాలా. పైగా వాళ్లు వాడింది కొలిచి ఇచ్చే డోసు, చెంబులో నీళ్లు కాదు.

తిరుపతిలో అలిపిరి దగ్గర టీటీడీ, టాటా ట్రస్ట్స్ కలిసి పెట్టిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, మన వాళ్లు వేలూరుకీ పోతారు, ఎక్కడ చూపించుకున్నా ఇంట్లో ఏం తాగుతున్నారో డాక్టరుకి చెప్పండి. పిన్ని ఫైల్లో మందుల చీటీ కింద "రాగి చెంబు నీళ్లు, రోజూ" అని నేనే రాసి పెట్టొచ్చినా.