గట్టిగా ఏడ్చే పిల్లాడు కాసేపు ఆగగలడు: క్యాజువాలిటీలో మేం మానుకోవాల్సిన అపోహలు

నల్గొండ వైపు క్యాజువాలిటీలో పనిచేసినవాళ్లకు సాయంత్రం అయిదు తర్వాత వచ్చే పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా హైవే ఉంది కాబట్టి అన్నీ రోడ్డు ప్రమాదాలే అనుకుంటారు. అవీ ఉంటాయి. ట్రాక్టర్ ట్రాలీ మీది నుంచి జారినవాళ్లు, పిట్టగోడ లేని డాబా మీద పతంగి ఎగరేస్తూ పడ్డవాళ్లు, బైక్ ట్యాంకు మీద కూర్చుని నాన్నతో ఊరికి బయల్దేరినవాళ్లు కూడా వస్తారు. వాళ్లను మొదట చూసేది హౌస్‌సర్జనో, మొదటి ఏడాది పీజీనో. నిన్నటిదాకా పెద్దవాళ్ల వార్డుల్లో తిరిగినవాళ్లు. వాళ్లకు కొత్త విషయాలు చెప్పడానికి పెద్దగా టైమ్ పట్టదు. అక్కడ అంటిన అలవాట్లు మాన్పించడానికే పడుతుంది.

అపోహ: బీపీ నార్మల్, కాబట్టి బాబు స్టేబుల్

ఏడేళ్ల పిల్లాడు. కాలువ గట్టు మీద సైకిల్ తొక్కుతూ పడ్డాడు. హ్యాండిల్ చివర పొట్టకు గుద్దుకుంది. ఎడమ పక్కటెముకల కింద రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ, పైకి కనిపించేది అంతే. కేస్ షీట్‌లో బీపీ 98/64, దాని పక్కన ‘వైటల్స్ స్టేబుల్’, అంటే పల్స్, బీపీ, ఊపిరి అన్నీ బాగున్నాయని. కింది గీతలోనే పల్స్ 152 అని ఉంది, ఆ వయసుకు చాలా ఎక్కువ. రాసిన పీజీ పక్క మంచం దగ్గర ఉన్నాడు. అక్కడ ఇంకో పిల్లాడు చెయ్యి కుట్టించుకుంటూ హాలు దద్దరిల్లేలా అరుస్తున్నాడు. ఈ పిల్లాడి తల్లి నా చెయ్యి వదలడం లేదు.

“మేడమ్, వీడు గింత సప్పుడు లేకుండ ఎన్నడు పండలే. సూది పొడిచినా ఏడ్వలే.”

పాదం పట్టుకుంటే చల్లగా ఉంది. బొటనవేలు అదిమి వదిలితే రంగు తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పట్టింది. రెండు దాటకూడదు. స్కాన్‌లో కడుపు నిండా రక్తం, ప్లీహం చిట్లింది. రక్తం ఎక్కించి హైదరాబాద్ పంపించాం. ఆపరేషన్ లేకుండానే బయటపడ్డాడు. అదృష్టం అతనిదీ, ఆ పీజీదీ.

పిల్లల రక్తనాళాలు బాగా బిగుసుకుంటాయి, గుండె వేగం పెంచుకుంటుంది. అందుకే ఒంట్లోని రక్తం దాదాపు 30 శాతం పోయేదాకా బీపీ నిలబడే ఉంటుంది. కేజీకి 80 మి.లీ. లెక్కన 20 కేజీల పిల్లాడి ఒంట్లో ఉండే రక్తమే 1,600 మి.లీ. అందులో 30 శాతం అంటే 480, అంటే అర లీటరు నీళ్ల బాటిల్. ఆ బాటిల్ నిండేదాకా బీపీ మిషన్ ఏమీ చెప్పకపోవచ్చు. అది చెప్పేసరికి మన చేతిలో మిగిలేవి నిమిషాలే. ఒకటి నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో వయసును రెట్టింపు చేసి 70 కలిపితే వచ్చే అంకె కన్నా పై బీపీ తగ్గితే ముదిరిన షాక్, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితి. ఏడేళ్లకు 84. ఈ సూత్రం మా పీజీలందరికీ కంఠతా వచ్చు. 84 దాటితే బాగున్నట్టే అని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, దాన్ని వాళ్లే కలుపుకుంటారు.

అపోహ: ముందు చెయ్యి వెయ్యాలి, తల్లిని బయటికి పంపాలి

నా దగ్గరికి వచ్చిన ప్రతి బ్యాచ్‌కు మొదటి వారం ఒకటే పని. చేతులు వెనక్కి కట్టుకుని మంచానికి రెండు గజాల దూరంలో అర నిమిషం నిలబడాలి. స్టెత్ ముట్టుకోవద్దు. పిల్లాడు ఎలా ఉన్నాడు, ఊపిరి ఎలా తీస్తున్నాడు, ఒంటి రంగు ఎలా ఉంది, ఈ మూడే చూడాలి. దీన్నే పీడియాట్రిక్ అసెస్‌మెంట్ ట్రయాంగిల్ అంటారు. వైవాలో అడిగితే గడగడా చెప్తారు. మంచం పక్కన నిలబెడితే మాత్రం పది సెకన్లకే చేతులు ముందుకు వచ్చేస్తాయి.

ఆ చూపులో తేలేది చాలా ఉంటుంది. కాళ్లు చేతులు ఆడిస్తున్నాడా, వాలిపోయి ఉన్నాడా? తల్లి ఎత్తుకుంటే ఊరుకుంటున్నాడా? కళ్లు మనుషుల వెంట తిరుగుతున్నాయా, ఎటో చూస్తున్నాయా? గట్టిగా ఏడ్చే పిల్లాడికి శ్వాసమార్గం తెరిచే ఉంది, మెదడుకు రక్తం అందుతోంది. అందరూ అతని చుట్టూ మూగుతారు, అది సహజం. నేను మాత్రం ఏడవని పిల్లాడి దగ్గరికి పొమ్మంటాను.

ఇక తల్లి. మామూలుగా ఎలా ఉంటాడో తెలియనిదే ఇప్పుడు తేడా ఉందో లేదో మనకెలా తెలుస్తుంది? “రోజూ ఇట్లనే ఉంటడా అమ్మా?” అన్న ఒక్క ప్రశ్న నేర్పడానికి నాకు నెల పడుతుంది. చిన్న పిల్లల్ని తల్లి ఒడిలోనే, పాదాల నుంచి పైకి పరీక్ష చేయొచ్చు. చెవులు, నోరు చివర్లో. నడక కూడా రాని పసివాడి ఒంటి మీద కమిలిన మచ్చలుంటే, చెప్పే కథకూ దెబ్బకూ పొంతన లేకపోతే, అక్కడ అడిగే తీరు వేరు. గొంతు పెంచకుండా అడగాలి, వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే రాయాలి, వెంటనే సీనియర్‌ను పిలవాలి.

అపోహ: పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు

పక్కటెముకలు మెత్తగా వంగుతాయి. ఒక్కటీ విరగకుండానే లోపల ఊపిరితిత్తి నలిగిపోయి ఉండొచ్చు, ఎక్స్‌రే చూసి మురిసిపోవద్దు. తల పెద్దది కాబట్టి పసివాళ్లను చదునైన బల్ల మీద పడుకోబెడితే మెడ ముందుకు వంగి ఊపిరి దారి మూసుకుంటుంది. వీపు కింద అంగుళం మందాన మడతపెట్టిన దుప్పటి చాలు. మా దగ్గర అది అక్షరాలా అమ్మ కొంగు అయిన రోజులూ ఉన్నాయి.

బరువు లేనిదే మందు డోసు లేదు. వయసుకు 4 కలిపి రెట్టింపు చేసే పాత లెక్క మన దగ్గరి సన్నపు పిల్లలకు తరచూ ఎక్కువ చూపిస్తుంది. ఆరేళ్ల లోపైతే అంగన్‌వాడీలో ఈ మధ్య ఎంత తూగాడో అడగండి, చాలామంది తల్లులు ఠక్కున చెప్తారు.

అపోహ: తలకు దెబ్బంటే సీటీ తీయాల్సిందే

2009లో అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లల మీద పెకార్న్ అనే పిల్లల ఎమర్జెన్సీ పరిశోధన బృందం చేసిన అధ్యయనం ఎవరికి సీటీ అక్కర్లేదో చెప్పింది. ఇప్పుడు స్పృహ మామూలుగా ఉంది, దెబ్బ తగిలాక స్పృహ తప్పలేదు, వాంతి లేదు, తీవ్రమైన తలనొప్పి లేదు, పుర్రె అడుగు విరిగిన గుర్తులు లేవు, పడిన తీరు ప్రమాదకరం కాదు. రెండేళ్లు దాటిన పిల్లాడిలో ఇవన్నీ కలిస్తే కనిపెట్టుకుని ఉండటమే మేలు. రెండేళ్ల లోపు వాళ్లకు నియమాలు వేరు. నుదుటి మీద బొప్పికి భయం తక్కువ, తల వెనకో పక్కనో మెత్తటి బుడిపెకు ఎక్కువ. మూడడుగుల పైనుంచి పడినా లెక్కలోకి వస్తుంది, అంటే మన మామూలు మంచం కన్నా కాస్త ఎత్తు.

అపోహ: నొప్పికి మందిస్తే కడుపు పరీక్ష చెడుతుంది

చెడదు. నొప్పి తగ్గిన పిల్లాడు పొట్ట వదులు చేస్తాడు, అప్పుడే చేతికి ఏదైనా తెలుస్తుంది.

అపోహ: ఎమ్మెల్సీ (పోలీసుల కోసం రాసే మెడికో-లీగల్ కేసు కాగితం) రాశాకే చికిత్స

1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ప్రాణం ముందు, కాగితం తర్వాత. ఇన్నేళ్లకు కూడా దీన్ని వివరించాల్సి వస్తోందంటే చిరాకే.

అపోహ: ఒకసారి కోర్సు చేస్తే చాలు

ట్రామా, అంటే తీవ్ర గాయాల చికిత్స నేర్పే కోర్సుల కథే ఒక నాన్న కథ. 1976 ఫిబ్రవరిలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టర్ నడుపుతున్న చిన్న విమానం నెబ్రాస్కాలో పొలాల్లో కూలింది. భార్య చనిపోయింది, పిల్లల్లో ముగ్గురికి ప్రాణాల మీదికి వచ్చింది. దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో అందిన వైద్యం చూసి ఆయన కడుపు మండింది. ఆ కోపంలోంచే 1978లో ఏటీఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్) కోర్సు మొదలైంది. మంచి కోర్సు, నేను చేశాను, అందరినీ చేయమంటాను. కానీ నేర్చింది మళ్లీ మళ్లీ చేయకుండా వదిలేస్తే కొన్ని నెలల్లోనే చేతులు మర్చిపోతాయి.

అందుకని వారానికోసారి, టీ టైమ్‌లో పదిహేను నిమిషాలు, చెర్వుగట్టు జాతరలో కొన్న ప్లాస్టిక్ బొమ్మతో చేయిస్తాం. ఒకరు లీడర్, ఒకరు మందులు, ఒకరు నరానికి సూది పెట్టే లైన్. ఒకరు తప్పకుండా తల్లి వేషం. ఆ తల్లికి ముందే చెవిలో ఒక ముక్క చెప్తాను, అసలు విషయం అందులోనే ఉంటుంది. పోయిన వారం ఆ వేషం మా సిస్టరమ్మది. “సారూ, వీడు సప్పుడు చేస్తలేడు” అని మూడుసార్లు అంది. నాలుగోసారి నోరు తెరిచేలోగా లీడర్ మానిటర్ మీది నుంచి కళ్లు తిప్పి, బొమ్మ పాదం పట్టుకున్నాడు.