కార్బన్‌ను పట్టి భూమిలో దాచడం: అపోహలు, వాస్తవాలు

ఫ్యాక్టరీలు, విద్యుత్ కేంద్రాల వంటి చోట్ల పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను భూమి లోపలికి పంపే బావుల మీద పనిచేస్తుంటాను. ఈ పని గురించి నాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: లోపల దాచిన వాయువు బెలూన్‌లో గాలిలా ఉండి, ఎప్పుడో పేలుతుంది.

వాస్తవం: కింద ఖాళీ గుహేమీ ఉండదు. సుమారు 800 మీటర్లు దాటాక అక్కడి ఒత్తిడికి వాయువు దాదాపు ద్రవమంత చిక్కబడి, ఇసుకరాయి రంధ్రాల్లోని ఉప్పునీటి మధ్యకు చేరుతుంది. పైన షేల్ అనే బిగువైన రాతి పొర మూతలా అడ్డుంటుంది. కొంత రంధ్రాల్లోనే చిక్కుకుంటుంది, కొంత నీటిలో కరుగుతుంది, చాలాకాలానికి కొంత ఖనిజంగా మారుతుంది. ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ గ్యాస్ క్షేత్రం దగ్గర నార్వే 1996 నుంచి ఇదే చేస్తోంది. వాయువు ఎంతవరకు పాకిందో భూమిలోకి కంపన తరంగాలు పంపి చేసే సర్వేలతో చూస్తూ వచ్చారు. నిజంగా టెన్షన్ పెట్టేవి వాయువు పైకి రావడానికి దారి కాగల, సరిగా మూయకుండా వదిలేసిన పాత బావులు. స్థలం ఎంచుకునేటప్పుడు ముందు వాటి రికార్డులే వెతుకుతాం.

అపోహ: ఇది వస్తే బొగ్గు తగ్గించక్కర్లేదు.

వాస్తవం: నన్ను బాగా బాధపెట్టే మాట ఇదే. విద్యుత్ కేంద్రం పొగలోంచి వాయువును పీల్చుకున్న అమీన్ అనే రసాయన ద్రావణాన్ని మళ్లీ వేడి చేయడానికి ఆవిరి కావాలి, వాయువును కుదించడానికి కరెంటు కావాలి. బయటికిచ్చే కరెంటు తగ్గకూడదంటే ఇంకా ఎక్కువ బొగ్గు కాల్చాలి. సౌర, పవన విద్యుత్తుతో జరిగే పనికి ఇంత తంటా దేనికి?

అపోహ: అలాగైతే ఇదంతా దండగే.

వాస్తవం: సిమెంటును చూడండి. సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సిమెంటు తయారీ ఉద్గారాల్లో సుమారు 60 శాతం ఇదే, ఇంధనం మార్చినా ఆగదు. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీలో ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టే ప్లాంటు 2025లో మొదలైంది. దేశాలు ముందు డబ్బు పెట్టాల్సింది ఇలాంటి చోట.

అపోహ: ప్లాంటు సామర్థ్యం ఎంతో, దేశం ఉద్గారాలు అంత తగ్గినట్టే.

వాస్తవం: ఆస్ట్రేలియాలోని గోర్గాన్ సహజవాయువు ప్రాజెక్టులో ఏడాదికి 40 లక్షల టన్నుల వరకు కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలోకి పంపేలా ప్లాంటు కట్టారు. 2019లో మొదలైనా ఆ స్థాయి అందుకోలేకపోయింది; భూమి లోపలి నీటి ఒత్తిడిని అదుపు చేయడమే చిక్కయింది. కాబట్టి జాతీయ లెక్కల్లో చూపాల్సింది నిజంగా లోపలికి వెళ్లి, అక్కడే ఉన్న టన్నులను. పట్టడానికి అదనంగా కాల్చిన ఇంధనం ఉద్గారాలు కూడా అదే లెక్కలోకి రావాలి. ఇప్పటిదాకా పట్టిన వాయువులో ఎక్కువ భాగం పాత బావుల్లోంచి ఇంకాస్త చమురు తీయడానికే వెళ్లింది. ఆ చమురు కాలితే వచ్చే పొగను పక్కన పెట్టి, వాయువును దాచామని మాత్రమే చెప్పే లెక్కను నేను ఒప్పుకోను.